నా తప్పు సరే, మరి వాళ్ళ సంగతో?

పాఠకుల ప్రశ్నలు: జవాబులు ఒక విశ్రాంత సివిల్ జడ్జివి

తప్పు ఎత్తి చూపగానే ఇంకొకరి తప్పు చూపించి జారుకోవడం గురించి రాయమని కిందటి సంచికలో పాఠకులను అడిగాను. సంపాదకులు పంపిన కట్టలో దాదాపు ప్రతి ఉత్తరమూ అలా జారుకునే ఇతరుల గురించే ఉంది. తన గురించి తాను రాసుకున్నవారు ఒక్కరే. ఆ ఉత్తరాన్ని చివరికి ఉంచాను.

ప్రశ్న: జడ్జి గారూ, మా వారు మంచి మనిషే. కానీ ఏ పొరపాటు గురించి అడిగినా ఆయన జవాబు 'నువ్వు మాత్రం?' అనే మొదలవుతుంది. బాబు పరీక్ష ఫీజు కడతానన్నది ఆయనే. గడువు దాటిపోయింది. అడిగితే, రెండేళ్ళ కిందట నేను కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయిన సంగతి తీశారు. కాసేపటికి నేనే క్షమాపణ చెబుతున్నాను. ఫీజు మాట అలాగే ఉండిపోయింది. ఆయన చెప్పేవి అబద్ధాలు కావు, అదే నా బాధ. ఏమని జవాబివ్వాలి?
(పేరు వద్దన్న గృహిణి)

జవాబు: అమ్మా, 'ఆయన చెప్పేవి అబద్ధాలు కావు' అని రాశారు చూడండి, ఈ ఎత్తుకు బలమంతా అక్కడే ఉంది. అబద్ధమైతే కాదని చెప్పి ముందుకు పోవచ్చు. నిజమైన తప్పును తెచ్చి ఎదురుగా పెడితే, న్యాయబుద్ధి ఉన్న మనిషి ఆగి దాన్ని చూస్తుంది. చూస్తున్నంతసేపూ అసలు ప్రశ్న అనాథగా పడి ఉంటుంది. సిగ్గూ శరమూ లేనివాళ్ళ మీద ఇది పారదు. మీ మీద పారుతోందంటే ఒక రకంగా అది మీకు మెప్పే.

సివిల్ కోర్టులో ఇలాంటి పేచీకి ఒక ఏర్పాటు ఉంది. డబ్బు రావాలని వాది దావా వేస్తాడు. 'ఆయనే నాకు ఇవ్వాలి' అంటాడు ప్రతివాది. కోర్టు అతని నోరు మూయించదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు 6ఏ రూలు కింద కౌంటర్ క్లెయిమ్, అంటే ఎదురు దావా, వేసుకోమంటుంది. కానీ అది ఊరికే నోటితో విసిరేసే మాట కాదు. రాసి ఇవ్వాలి, కోర్టు ఫీజు కట్టాలి, రుజువు చేసుకోవాలి. వాది దానికి జవాబు చెప్పుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కౌంటర్ క్లెయిమ్ వేసినంత మాత్రాన అసలు దావా మాయమైపోదు. రెండింటికీ కలిపి ఒకే తీర్పు వస్తుంది. అసలు దావాను మధ్యలో కొట్టివేసినా కౌంటర్ క్లెయిమ్ మాత్రం తన దారిన తాను నడుస్తుంది.

ఈ చివరి అంశం పట్టుకునే నేను ఇళ్ళలో గొడవలను పరీక్షిస్తాను. మీరు ఫీజు ప్రశ్నను వెనక్కి తీసుకున్నారనుకోండి. ఆయన కరెంటు బిల్లు గురించి ఇంకా మాట్లాడతారా? మాట్లాడితే అది నిజమైన ఫిర్యాదు, దానికి విచారణ జరగవలసిందే. మీరు ఊరుకున్న మరుక్షణం ఆయనా ఊరుకుంటే అది ఫిర్యాదు కాదు, డాలు. రెండేళ్ళుగా గుర్తురాని బిల్లు మీరు ఫీజు మాట ఎత్తిన నిమిషంలో గుర్తొచ్చిందంటే, అది డాలేనని నా అనుమానం.

ఏమనాలని అడిగారు. 'బిల్లు సంగతి నిజమే. దాని గురించి రేపు పొద్దున మాట్లాడుకుందాం. ఇప్పుడు ఫీజు ఎలా కడదామంటారు?' ఈ వరుసలోనే అనండి. 'నిజమే' దగ్గర ఆగారో, క్షమాపణ అక్కడే మొదలవుతుంది. 'విషయం మార్చకండి' అని మాత్రం అనవద్దు. అంటే మార్చారా లేదా అన్నదే కొత్త తగవవుతుంది, ఫీజు మళ్ళీ వెనక్కి పోతుంది. మర్నాడు పొద్దున ఆయన మర్చిపోయినా మీరే గుర్తుచేసి కూర్చోబెట్టండి. 'బిల్లు గురించి ఏదో అన్నారు కదా' అని అడగండి. ఆయన తడుముకుంటే నా అనుమానం నిజమని తేలుతుంది.

తేలకపోవచ్చు కూడా. కొన్ని ఇళ్ళలో ఒకరి ఫిర్యాదుకు సొంతంగా ఒక రోజంటూ ఉండదు. ఎప్పుడు ఎత్తినా 'ఇప్పుడా?' అంటారు. అలాంటి మనిషికి ఎదుటివాళ్ళు నిలదీసిన సమయమే తన గోడు చెప్పుకునే సమయం అవుతుంది. మీ ఇంట్లో అలా జరగడం లేదు కదా? నేను ఒక పక్షం ఉత్తరమే చదివాను.

ప్రశ్న: 'మీరు మాత్రం?' అనే ఈ వాదనను సోవియట్ ప్రభుత్వమే కనిపెట్టిందని చదివాను. నిజమేనా?
(ఒక చరిత్ర విద్యార్థి)

జవాబు: కనిపెట్టలేదు బాబూ, సానపెట్టింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, గౌతమ మహర్షి తర్కగ్రంథమైన న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో, వాదంలో మనిషి ఓడిపోయినట్టు లెక్కించే సందర్భాలు 22 చెప్పారు. వాటిని నిగ్రహస్థానాలంటారు. వాటిలో ఒకటి మతానుజ్ఞ. తన పక్షంలో చూపిన దోషాన్ని తొలగించుకోకుండా, 'నీ పక్షంలోనూ అదే దోషం ఉంది' అనడం. అలా అన్నవాడు తన దోషాన్ని ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం. ఆ తార్కికుల లెక్కలో ఎదురు నింద పూర్తి అంగీకారం.

తర్కం చదువుకున్నవాళ్ళు దీనికి ఒక ఉదాహరణ చెబుతారు. 'నువ్వు దొంగవు, ఎందుకంటే మనిషివి' అంటాడు ఒకడు. 'అయితే నువ్వూ దొంగవే' అంటాడు రెండోవాడు. నా మట్టుకు ఈ ఉదాహరణలో రెండోవాడిదే గెలుపు. అతను తప్పించుకోవడం లేదు, మొదటివాడు చెప్పిన కారణం ఎంత బోలుదో చూపిస్తున్నాడు. మనిషి కావడమే దొంగతనానికి రుజువైతే లోకంలో దొంగ కానివాడే ఉండడు. అదే, 'నీ సంచిలో నా గడియారం ఉంది' అన్నప్పుడు 'నువ్వు మాత్రం దొంగవు కావా?' అంటే గడియారం సంచిలోనే ఉంటుంది. ఈ తేడా దగ్గర పెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఇక సోవియట్ సంగతి. 1931లో అమెరికాలోని అలబామా రాష్ట్రం స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచారం నేరం మోపి, కొద్దిరోజుల్లోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. సోవియట్ పత్రికలు, పోస్టర్లు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. పట్టుకోవలసిన విషయమే. ఆ తర్వాత దశాబ్దాల పాటు సోవియట్ పాలన గురించి ఎవరేమడిగినా 'మీ దేశంలో నల్లవాళ్ళను చెట్లకు ఉరితీస్తున్నారు కదా' అన్నది సిద్ధంగా ఉన్న జవాబైపోయింది. ఎంతగా అంటే సోవియట్ ప్రజలే దాని మీద హాస్యోక్తులు చెప్పుకున్నారు. 'సోవియట్ ఇంజనీరు జీతమెంత?' అని ప్రశ్న. 'అమెరికాలో నల్లవాళ్ళను ఉరితీస్తున్నారు' అని జవాబు.

నాకు ఆసక్తి కలిగించేది దీని ఫలితం. ఆ ఎత్తిపొడుపు నిజం కాబట్టి తగలవలసిన చోట తగిలింది. బడుల్లో జాతివివక్ష కేసు అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, 1952 డిసెంబరులో ఆ దేశ న్యాయశాఖ ఇచ్చిన వాదపత్రంలోనే, ఈ వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి మేత అవుతోందని రాశారు. 1954లో తీర్పు వివక్షకు వ్యతిరేకంగా వచ్చింది. 1957 సెప్టెంబరు 24న, లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను బడిలోకి పంపడానికి సైన్యాన్ని దింపిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మన శత్రువులు ఈ సంఘటన చూసి సంబరపడుతున్నారని దేశానికి చెప్పాడు. పోరాడింది నల్లజాతివారే, గెలిచిందీ వాళ్ళే. బయటి ఎగతాళి వాళ్ళకు కొంత ఆసరా అయింది.

మరి సోవియట్ నిర్బంధ శిబిరాల్లో ఉన్నవాళ్ళకు ఏం ఒరిగింది? ఏమీ లేదు. వాళ్ళ గురించి అడిగిన ప్రతిసారీ అలబామా గురించి మాట్లాడుకున్నారు. మీరు చరిత్ర చదువుతున్నారు కాబట్టి, 'మీరు మాత్రం?' అనే మాట ఎక్కడ వినిపించినా, అది అన్నవాడిని, అనిపించుకున్నవాడిని వదిలి, మొదట ఎవరి గురించి ప్రశ్న వేశారో ఆ మనిషిని వెతకండి.

ప్రశ్న: సిగ్నల్ దాటానని నాకు జరిమానా వేశారు. నా ముందు ఇంకో రెండు బండ్లు దాటాయి, వాటిని వదిలేశారు. చట్టం ముందు అందరూ సమానమే అయితే నా జరిమానా చెల్లదు కదా?
(ఒక ఉద్యోగి)

జవాబు: చెల్లుతుంది, కట్టండి.

సమానత్వమంటే అందరికీ చట్టం వర్తించాలని అర్థం. ఒకరికి తప్పించుకునే అదృష్టం దక్కితే అందరికీ దక్కాలని కాదు. చండీగఢ్ పాలనాయంత్రాంగానికీ జగ్‌జీత్ సింగ్‌కూ మధ్య కేసులో 1995లో మన సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. వేలంలో స్థలం పాడుకుని వాయిదాలు కట్టకపోతే లీజు రద్దు చేశారు. ఇలాంటి పరిస్థితిలోనే ఇంకొకరికి తిరిగి ఇచ్చారు కాబట్టి మాకూ ఇవ్వాలని వాదించారు. ఆ ఇంకొకరికి ఇచ్చినది చట్టవిరుద్ధమైతే దాన్ని సరిచేయాలి గాని అదే తప్పు మళ్ళీ చేయమని కోర్టు ఆదేశించదు అన్నారు.

అయితే ఒక్క సందర్భంలో మీ ముందు పోయిన బండ్లే మీ సాక్ష్యం అవుతాయి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని ఒక నిబంధన ఉండేది. సుమారు 200 మంది చైనావాళ్ళు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు. చైనావాళ్ళు కాని 80 మంది దాకా అవే పరిస్థితుల్లో లాండ్రీలు నడుపుకుంటున్నారు. 1886లో యిక్ వో అనే లాండ్రీ యజమాని కేసులో అనుమతి లేకుండా లాండ్రీ నడిపినందుకు వేసిన శిక్షను అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ 'వాళ్ళ సంగతో?' అన్నది సాకు కాదు, అదే అసలు ఫిర్యాదు. చట్టాన్ని మనిషి ముఖం చూసి వాడుతున్నారన్నది నేరారోపణ. దాన్ని రుజువు చేయాలంటే వదిలేసినవాళ్ళను చూపించక తప్పదు.

మిమ్మల్ని ఆపింది మీ ముఖం చూసా, లేక ఆ పోలీసు ఒక్కడే ఉండి చేతికందిన బండిని ఆపాడా? రెండోదైతే పైన చెప్పినదే జవాబు.

ప్రశ్న: యుద్ధంలో అందరూ ఘోరాలు చేస్తారు. ఓడినవాళ్ళను గెలిచినవాళ్ళు విచారించినప్పుడు 'మీరూ చేశారు' అనే హక్కు కూడా లేకపోతే అది న్యాయమా?
(ఒక విశ్రాంత సైనికుడు)

జవాబు: అయ్యా, ఇది బరువైన ప్రశ్న. గెలిచినవాళ్ళు తమను తాము విచారించుకోకపోవడం లోపమే, దాన్ని నేను సమర్థించను. కానీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్‌లో ఆ వాదన ఎలా నడిచిందో ఒకసారి చూడండి.

జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ మీద ఉన్న ఆరోపణల్లో ఒకటి, ముందుగా హెచ్చరించకుండా వాణిజ్య నౌకలను జలాంతర్గాములతో ముంచడం. ఆయన న్యాయవాది క్రాంజ్‌బూలర్ చాలా తెలివైనవాడు. 'మీరూ నేరస్థులే, కాబట్టి వదిలేయండి' అనలేదు. అంటే కోర్టు ఒప్పుకునేది కాదు. పసిఫిక్‌లో అమెరికా జలాంతర్గాములు ఎలా పోరాడాయో అడుగుతూ అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్‌కు ప్రశ్నలు పంపించాడు. యుద్ధం మొదలైన రోజు నుంచీ తామూ అలాగే పోరాడామని నిమిట్జ్ రాసి ఇచ్చాడు. క్రాంజ్‌బూలర్ చూపించదలచుకున్నది అదే: సముద్రం మీద చట్టాన్ని రెండు పక్షాలూ ఒకేలా అర్థం చేసుకున్నాయి, అప్పుడు అది మా ఒక్కరి నేరం ఎలా అవుతుంది? ఫలితంగా జలాంతర్గామి యుద్ధ నియమాల ఉల్లంఘనను శిక్ష లెక్కలోకి తీసుకోవడం లేదని తీర్పులో రాశారు. మిగతా నేరాలకు పదేళ్ళు పడ్డాయి. పైన గడియారం కథ చెప్పాను కదా, ఇది ఆ గడియారం కాదు, ఆ ముందున్న 'మనిషివి కాబట్టి దొంగవు' రకం. ఆరోపణకు ఆధారమైన నియమమే బోలుగా ఉందని చూపించడం.

గడియారం రకమూ ఉంది. 1993 ఏప్రిల్‌లో బోస్నియాలోని అహ్మిచి గ్రామంలో వందమందికి పైగా ముస్లింలను చంపారు. 'అవతలి పక్షం మావాళ్ళనూ చంపింది' అన్న నిందితుల వాదనను మాజీ యుగోస్లావియా నేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2000 జనవరిలో తోసిపుచ్చింది. పౌరులను చంపకూడదన్న బాధ్యత నువ్వు పాటిస్తే నేను పాటిస్తానన్న ఒప్పందం కాదని చెప్పింది. మీరు సైనికులు, ఆ మాట నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: రోజూ సిగరెట్లు కాల్చే డాక్టరు నన్ను మానేయమంటున్నాడు. నవ్వాలా, ఏడవాలా?

జవాబు: మానేయాలి. మీ ఊపిరితిత్తులకు డాక్టరు అలవాట్లతో సంబంధం లేదు.

ప్రశ్న: కర్బన ఉద్గారాలు తగ్గించమని ధనిక దేశాలు అంటే, 'ఇంతకాలం మీరు విడిచిన పొగ సంగతో?' అని పేద దేశాలు అడుగుతాయి. ఇదీ తప్పించుకోవడమేనా?
(ఒక అధ్యాపకురాలు)

జవాబు: కాదమ్మా. బరువు ఎవరు ఎంత మోయాలన్నది ప్రశ్న అయినప్పుడు, ఇంతవరకు ఎవరు ఎంత పోగుచేశారన్నది అందులో భాగమే. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలోనే, బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ ఒకేలా ఉండదన్న సూత్రాన్ని రాసుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో శతాబ్దాలు నిలిచి ఉంటుంది కాబట్టి పాత పొగ పాత సంగతి కాదు, ఇప్పటికీ వేడెక్కిస్తోంది.

కానీ అదే వాక్యాన్ని తన దేశంలో ఒక ఫ్యాక్టరీ నదిలోకి విషం వదులుతున్నప్పుడు మంత్రి వాడాడనుకోండి, అది తప్పించుకోవడమే. ఆ నీళ్ళు తాగేవాళ్ళు అడిగింది భూగోళం లెక్క కాదు.

ప్రశ్న: 'అప్పుడెందుకు నోరు మెదపలేదు?' అని అడిగితే చాలు, విషయం మళ్ళిస్తున్నావని నా నోరు మూయిస్తున్నారు. మా సంఘం కార్యదర్శి కిందటి కమిటీ చేసిన అక్రమాన్ని చూస్తూ ఊరుకున్నాడు, ఈ కమిటీని మాత్రం దుమ్మెత్తిపోస్తున్నాడు. తప్పులెన్నువారు తమ తప్పులెరుగరని వేమన ఊరికే అన్నాడా?
(ఒక సంఘం సభ్యుడు)

జవాబు: వేమన పద్యం ఎదుటివాడికి వినిపించడానికి ఉన్నంత అనువుగా తనకు తాను వినిపించుకోవడానికి ఉండదు, అదొక చిక్కు. అయినా మీ ఫిర్యాదులో పస ఉంది. ఎవరేమడిగినా 'విషయం మళ్ళిస్తున్నావు' అనే ముద్ర వేసి నోరు మూయించడం కూడా జవాబు చెప్పకుండా జారుకోవడమే.

ఈక్విటీ న్యాయంలో, అంటే చట్టం అక్షరం కంటే ధర్మబుద్ధిని చూసే న్యాయపద్ధతిలో, న్యాయం కోరి వచ్చేవాడు శుభ్రమైన చేతులతో రావాలని ఒక సూత్రం ఉంది. దాన్ని పట్టుకుని ప్రతివాదులు వాది జీవితమంతా తవ్వుతారు. 1787లో ఇంగ్లండులో డెరింగ్ అనే ఆయన, కస్టమ్స్ వసూళ్ళు చూసే తన తమ్ముడికి ఇంకో ఇద్దరితో కలిసి హామీ ఉన్నాడు. తమ్ముడు బాకీ పడ్డాడు. ఆ భారాన్ని మిగతా ఇద్దరూ పంచుకోవాలని డెరింగ్ అడిగాడు. తమ్ముణ్ణి జూదానికి ప్రోత్సహించింది నువ్వే కదా అన్నారు వాళ్ళు. కోర్టు ఆ నిందను విని కూడా, అడుగుతున్న హక్కుతో నేరుగా సంబంధం ఉన్న మకిలే లెక్కలోకి వస్తుందని చెప్పి డెరింగ్‌కు డబ్బు ఇప్పించింది.

మీ కార్యదర్శి విషయంలో కూడా చూడవలసింది అదే. ఆయన 'ఈ కమిటీ లెక్కలు తప్పు' అంటున్నాడా? అయితే ఆయన గతం అనవసరం, లెక్కలు తెచ్చి చూడండి. 'నేను నిష్పక్షపాతిని, నా మాట నమ్మి నన్ను ఎన్నుకోండి' అంటున్నాడా? అయితే అప్పటి మౌనం గురించి అడగడం మీ హక్కు, గట్టిగా అడగండి. చాలామంది ఈ రెండూ కలిపి అంటారు. అందువల్ల మీరు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేయవలసి వస్తుంది. లెక్కల ప్రశ్న ముందు వేయండి. అది రెండోదిగా వేస్తే సమావేశం ముగిసేలోపు దాని వంతు రాదు.

ప్రశ్న: జడ్జి గారూ, ఆస్తి పంపకాల గొడవలో మా అక్కను అందరి ముందు అనరాని మాట అన్నాను. క్షమాపణ ఉత్తరం రాశాను. చదివి చూస్తే రెండో పేరా నుంచి ఆమె నాకు చేసినవే ఉన్నాయి. అవన్నీ నిజమే. తీసేస్తే ఆమె తప్పేమీ లేదని నేను ఒప్పుకున్నట్టు కాదా?
(ఒక తమ్ముడు)

జవాబు: కాదు బాబూ. రాయనిది ఒప్పుకున్నట్టు కాదు. కోర్టులో ఎదుటి పక్షం ఆరోపణను కాదనకపోతే ఒప్పుకున్నట్టు అనుకునే ప్రమాదం ఉంది గాని, మీ అక్క మీ మీద దావా వేయలేదు, మీరే ఉత్తరం రాస్తున్నారు.

కాగితాన్ని మొదటి పేరా కింద చింపండి. పై ముక్కను ఈ రోజే పోస్టు చేయండి. 'అయినా', 'కానీ' లాంటి మాటలు అందులో మిగిలిపోయాయేమో ఒకసారి చూసుకోండి. కింది ముక్కను పారేయవద్దు, అందులో ఉన్నవి మీరే నిజమంటున్నారు కదా. తేదీ వేసి దాచండి. ఆమె జవాబు వచ్చాక, లేదా నెల గడిచాక, తీసి చదవండి. అప్పటికీ అడగాలనిపించినవి వేరే కాగితం మీద, క్షమాపణ ప్రసక్తి లేకుండా రాసి పంపండి. వాటికి ఆమె 'నువ్వు మాత్రం?' అని జవాబిస్తే నాకు మళ్ళీ రాయండి.